చలికి ఓర్చే కార్డిలైన్: విశాఖ తీరంలో ఎందుకు వద్దు, అరకు కొండల్లో ఎలా పెంచాలి

స్కాట్లండ్ వాయవ్య తీరంలో ప్లాక్టన్ అనే చిన్న ఊరుంది. 57 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడ సముద్రం ఒడ్డున వీధి పొడవునా, నిలువు మాను మీద కత్తుల్లాంటి ఆకుల గుత్తితో, చూడగానే తాటి జాతివే అనిపించే చెట్లు ఉంటాయి. ఇంగ్లండ్ దక్షిణాన టార్కీ పట్టణంలో వీటిని టార్బే పామ్ అంటారు, ఐల్ ఆఫ్ మాన్ దీవిలో మాంక్స్ పామ్ అంటారు. ఎవరేం పిలిచినా చెట్టు ఒక్కటే, న్యూజిలాండ్ నుంచి వెళ్లిన కార్డిలైన్ ఆస్ట్రాలిస్. పిల్లల దగ్గరికి ఆక్లాండో లండనో వెళ్లొచ్చిన విశాఖ తల్లిదండ్రులు కొందరు దీని ఫోటో ఫోన్‌లో పెట్టుకుని ఇక్కడి నర్సరీల్లో అడుగుతుంటారు. మంచు కురిసే చోట బతికిన చెట్టు మన బీచ్ రోడ్డులో బతకదా అన్నది వాళ్ల లెక్క.

చాలావరకు బతకదు. బతికినా ఫోటోలోలా ఉండదు. చలికి ఓర్చుకునే గుణం వేరు, రాత్రీ పగలూ వదలని ఉక్కకు ఓర్చుకునే గుణం వేరు. మొదటిది ఉన్న మొక్కకు రెండోది కూడా ఉంటుందన్న నియమం లేదు. ఈ చెట్టు కరీబియన్ దీవుల్లో, ఫ్లోరిడాలో, ఆగ్నేయాసియాలో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సరిగా రాదని తోటల అనుభవం. విశాఖ తీరం కూడా ఆ కోవలోకే వస్తుంది. అయితే ఇదే విశాఖ నుంచి 115 కిలోమీటర్లు కొండెక్కితే, అరకులో దానికి నచ్చే వాతావరణం దొరికే అవకాశం బాగానే ఉంది. కాబట్టి కార్డిలైన్ పెంచాలా వద్దా అనే ముందు, ఏ కార్డిలైన్, ఎంత ఎత్తులో అన్నది తేల్చుకోవాలి.

రాత్రి ఉష్ణోగ్రతే అసలు లెక్క

న్యూజిలాండ్‌లో ఈ చెట్టు ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా, అంటే 34 నుంచి 46 డిగ్రీల దక్షిణ అక్షాంశాల మధ్య సహజంగా పెరుగుతుంది. అడవి అంచుల్లో, నదుల పక్కన, చిత్తడి నేలల్లో, గాలికొట్టే తీరాల్లో కూడా ఉంటుంది. అంటే గాలి, వాన, ఉప్పు దానికి కొత్త కాదు. కొత్తది వేడి. ఆక్లాండ్‌లో నడివేసవి పగటి ఉష్ణోగ్రత సగటున 24 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, రాత్రి 16 దాకా దిగుతుంది. విశాఖలో జనవరి రాత్రి కనిష్ఠం అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఆక్లాండ్ వేసవి రాత్రి మనకు చలికాలపు రాత్రి అన్నమాట. ఇక మే నెలలో మన రాత్రులు 27, 28 డిగ్రీల దగ్గర ఉడుకుతుంటాయి.

పగలు ఆకులు తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత భాగాన్ని మొక్క రాత్రి శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. ఉక్క రాత్రులకు అలవాటుపడిన కొబ్బరికి, అరటికి ఇది సమస్య కాదు. చల్లని రాత్రులకు అలవాటుపడిన మొక్కకు మాత్రం సంపాదన కంటే ఖర్చు ఎక్కువైపోతుంది. దానికి తోడు మన వానాకాలంలో నేల తడిగానూ వెచ్చగానూ ఉంటుంది. వెచ్చని తడి మట్టిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, ఫైటాఫ్తోరా, పిథియం లాంటి వేరుకుళ్ళు కారకాలు చెలరేగుతాయి. ఇంగ్లండ్‌లోనూ వాన తక్కువేం కాదు, కానీ అక్కడ నేల చల్లగా ఉంటుంది. తడి ఒక్కటే అయితే ఈ చెట్టు నెగ్గుకొస్తుంది, తడికి వేడి తోడైతేనే దెబ్బతింటుంది.

తీరంలో తెచ్చి నాటిన వాళ్లను తప్పుదోవ పట్టించే విషయం ఒకటుంది. నవంబరులో నాటితే ఫిబ్రవరి దాకా మొక్క చక్కగా కనిపిస్తుంది, కొత్త ఆకులు కూడా వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకుల కొసలు ఎండినా ఎండకేలే అని సరిపెట్టుకుంటారు. జులై, ఆగస్టులో మాను మొదలు మెత్తబడుతుంది. అప్పుడు తప్పంతా వాన మీదకు నెడతారు గానీ, మే నెల రాత్రులకే అది సగం నీరసించిపోయి ఉంటుంది.

చలి తోటల్లో దీన్ని ఎలా కాపాడతారు

చలిదేశాల్లో పెంచేవాళ్ల కష్టాలు మనకు పూర్తిగా తలకిందులుగా ఉంటాయి. అయినా తెలుసుకోవడం అవసరం, కొండల మీద అవే పనికొస్తాయి. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈ చెట్టును సుమారు మైనస్ 5 డిగ్రీల వరకు తట్టుకునే తరగతిలో చేర్చింది. బాగా ముదిరిన చెట్లు కొద్ది గంటల పాటు ఇంకా కింది ఉష్ణోగ్రతలకు కూడా ఓర్చుకుంటాయి. లేతవి, కుండీల్లో ఉన్నవి, ఊదా రంగు, చారల ఆకుల రకాలు అంత గట్టివి కావు. కుండీలో వేళ్లకు నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది కాబట్టి, నేలలో బతికే చలికే కుండీలో మొక్క పోతుంది.

అక్కడి వాళ్లు చలికాలానికి ముందు ఆకులన్నీ పైకి ఎత్తి తాడుతో వదులుగా కట్టేస్తారు. మొవ్వులోకి నీళ్లు దిగి గడ్డకడితే లేత ఆకుల మొదళ్లు చీలి కుళ్లిపోతాయి, కట్టడం అందుకు. మాను చుట్టూ చలి నుంచి కాపాడే పలచని తోటపని బట్ట చుడతారు. ప్లాస్టిక్ మాత్రం చుట్టరు, లోపల చెమ్మ చేరి అసలుకే మోసం వస్తుంది. చలి తగ్గగానే కట్లు విప్పేస్తారు.

ఇన్ని చేసినా 2010 డిసెంబరు చాలా చెట్లను తినేసింది. బ్రిటన్‌లో వందేళ్లలో అంత చలి డిసెంబరు లేదు. మాన్లు మెత్తబడి, ఆకులు గుత్తులు గుత్తులుగా చేతిలోకి ఊడివచ్చాయి. చచ్చిపోయిందనుకుని చాలామంది వేళ్లతో పెకలించేశారు. కుళ్లిన మాను వరకే కోసేసి ఊరుకున్న వాళ్లలో చాలామందికి తర్వాతి వేసవిలో మొదట్లోంచి పిలకలు వచ్చాయి. నేలలో దీనికి లావుపాటి దుంప ఉంటుంది, నిల్వ ఆహారమంతా అక్కడే. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు ఈ దుంపలను, లేత మాన్లను తవ్వి, వేడిరాళ్ల గుంటల్లో చాలాసేపు మగ్గబెట్టి తీపి పదార్థం తీసుకునేవారంటే ఆ నిల్వ ఎంతటిదో ఊహించవచ్చు. లేత మొవ్వును కూడా వండుకు తినేవారు. తర్వాత వచ్చిన ఐరోపా నావికులు, వలసదారులు దాన్నే క్యాబేజీకి బదులు తిన్నారు, అందుకే ఇంగ్లీషులో దీనికి క్యాబేజీ ట్రీ అన్న పేరు.

మొవ్వు పోయినా బతికే చెట్టు

కొబ్బరి, తాటి, ఈత, పోక, మన్యంలో జీలుగు, ఇవీ మనకు తెలిసిన తాటి కుటుంబం. వీటిలో చాలావాటికి ప్రాణమంతా మొవ్వులోనే. మొవ్వుకుళ్ళు తగిలిన కొబ్బరిని కాపాడటం ఎందుకంత కష్టమో గోదావరి రైతులకైనా, శ్రీకాకుళం ఉద్దానం రైతులకైనా చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు తల విరిగిన కొబ్బరిచెట్టు ఏదీ మళ్లీ చిగురించలేదు. మాను నిక్షేపంగా ఉన్నా సరే, చెట్టు పోయినట్టే.

కార్డిలైన్ ఈ కుటుంబానికి చెందదు. దాని చుట్టాలు శతావరి, కిత్తనార, చాగనార. ఒకే కుటుంబం కాబట్టి పోలికలూ ఉన్నాయి. కిత్తనారలా దీని ఆకులోనూ గట్టి నార ఉంటుంది, మావోరీలు తాళ్లు, చెప్పులు, బుట్టలు అల్లుకున్నారు. దీని మానులో నిద్రాణమైన మొగ్గలు చాలా ఉంటాయి. తల తీసేస్తే కింద నుంచి రెండు మూడు కొత్త తలలు వస్తాయి. మాను ముక్క నాటినా వేరు తన్నుతుంది. పైగా తాటి జాతికి లేని ఇంకో సౌకర్యం దీనికుంది. వయసు పెరిగేకొద్దీ మాను లావెక్కే ఏర్పాటు లోపల ఉంది. తాటిచెట్టు మాను కింద ఎంత లావుతో మొదలైతే ఇంచుమించు అంతే లావుతో పైకి పోతుంది. న్యూజిలాండ్‌లో గోల్డెన్ బే దగ్గర పాకవావు అనే చోట ఒక ముసలి కార్డిలైన్ మాను చుట్టుకొలత 9 మీటర్ల దాకా ఉంటుంది. ఎత్తు 17 మీటర్లు.

కొమ్మలు వేసే పద్ధతి కూడా తెలుసుకోవాలి, లేకపోతే తోటలో స్థలం లెక్క తప్పుతుంది. మొదటి ఆరేడేళ్లు, ఒక్కోసారి పదేళ్ల దాకా, ఇది ఒంటి మానుతోనే నిటారుగా పోతుంది. అప్పుడు కొస నుంచి మీటరు దాకా పొడవుండే పూలగుత్తి వస్తుంది, చిన్నచిన్న తెల్లని పూలు, మంచి వాసన. పూసిన కొస అక్కడితో ఆగిపోతుంది, దాని పక్కల నుంచి రెండు కొమ్మలు చీలుతాయి. మళ్లీ పూసినప్పుడు ఒక్కొక్కటీ ఇంకా చీలుతుంది. కాబట్టి ప్రహరీగోడకు రెండడుగుల దూరంలో సన్నగా ఉంది కదా అని నాటిన మొక్క, పదిహేనేళ్లకు గోడ అవతలి వాళ్ల పెరట్లోకి తల వాల్చేస్తుంది. ఒక్కో ఆకు మీటరు వరకు పొడుగు. రాలిన ఆకు అంత తేలిగ్గా కుళ్లదు. కంపోస్టు గుంటలో ఏడాదైనా అలాగే పడి ఉంటుంది, గడ్డి కోసే మిషన్ బ్లేడుకు తాడులా చుట్టుకుంటుంది. బ్రిటన్‌లో ఈ చెట్టు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఈ ఆకుల గోల ఒకటి.

తీరానికి సరిపోయే కార్డిలైన్

విశాఖ నర్సరీల్లో కార్డిలైన్ అని అడిగితే చేతికిచ్చేది సాధారణంగా ఆస్ట్రాలిస్ కాదు. కడియం, కడియపులంక నుంచి లారీల్లో వచ్చే ఎర్ర, గులాబి, ఊదా ఆకుల మొక్కలు కార్డిలైన్ ఫ్రూటికోసా జాతివి. పాపువా న్యూగినీ చుట్టుపక్కల ద్వీపాల నుంచి పసిఫిక్ నావికుల పడవల మీద హవాయి దాకా ప్రయాణం చేసిన మొక్క. ఉక్క, వాన, వెచ్చని రాత్రులు దానికి పుట్టింటి వాతావరణం. 10 డిగ్రీల కిందికి పోతేనే ఇబ్బంది పడుతుంది, విశాఖలో ఆ పరిస్థితి రాదు. తాటి పోలిక అంతగా ఉండదు నిజమే, ఆకు వెడల్పు, కుండీలో మొక్క సాధారణంగా మనిషెత్తు దగ్గరే ఉంటుంది. కానీ నాలుగైదేళ్ల మొక్కకు కింది ఆకులు రాలిపోయి, సన్నని మాను బయటపడి, పైన గుత్తి మిగిలినప్పుడు ఆ రూపం కొంత వస్తుంది. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ ఇళ్ల ముందున్న పాత మొక్కల్లో ఇలాంటివి కనిపిస్తాయి.

నర్సరీల్లో దీన్నీ, చూడటానికి ఇలాగే ఉండే డ్రసీనా అనే మొక్కనూ కలిపి అమ్మేస్తారు. అమ్మేవాళ్లకూ తేడా తెలియని సందర్భాలే ఎక్కువ. అనుమానముంటే కుండీ నుంచి మొక్కను కాస్త పైకి లాగి వేళ్లు చూడాలి. కార్డిలైన్ వేళ్లు తెల్లగా ఉంటాయి, డ్రసీనా వేళ్లు పసుపు, నారింజ రంగులో ఉంటాయి. ఈ తేడాతో పనేమిటంటే, డ్రసీనా నీడలో నెలల తరబడి ఊరుకుంటుంది, ఫ్రూటికోసా ఊరుకోదు. వెలుతురు చాలకపోతే ఎరుపు, గులాబి పోయి వట్టి ఆకుపచ్చకు తిరుగుతుంది. నర్సరీవాడు రంగు మొక్క అని చెప్పి మోసం చేశాడని అనుకుంటారు గానీ, హాల్లో సోఫా పక్కన పెట్టిన మొక్కకు రంగు నిలవదు.

అలాగని నడిమధ్యాహ్నపు ఎండలో పెట్టినా ఆకు మాడిపోతుంది. తూర్పు బాల్కనీ దీనికి సరైన చోటు, పొద్దున పదింటి దాకా ఎండ, తర్వాత వెలుతురున్న నీడ. పడమటి బాల్కనీ అయితే మార్చి నుంచి జూన్ దాకా గ్రీన్ నెట్ తప్పదు. మేడ మీద సిమెంటు గచ్చు మీద నేరుగా కుండీ పెట్టకూడదు. గచ్చు వేడి వేళ్లను ఉడికిస్తుంది. కింద రెండు ఇటుకలు పెడితే గాలి ఆడుతుంది, అడుగు రంధ్రం మూసుకుపోదు.

ఆకుల కొసలు ఎండటం విశాఖలో అందరి ఫిర్యాదు. దానికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. రోజూ అవే పోస్తే ఉప్పు కుండీ మట్టిలో పేరుకుంటుంది, మట్టి పైన, కుండీ అంచున తెల్లని పొర కడుతుంది. ఆ పొర కనిపించిందంటే కొసలు మాడటం మొదలయ్యే ఉంటుంది. నెలకోసారి మంచినీళ్లు కుండీ అడుగు నుంచి బాగా కారిపోయేదాకా పోస్తే పేరుకున్నది కొట్టుకుపోతుంది. వాననీళ్లు డ్రమ్ములో పట్టుకునే వీలుంటే ఇంతకంటే మంచి మందు లేదు. రెండో కారణం చాలామంది గమనించనిది. కార్డిలైన్‌కు ఫ్లోరైడ్ పడదు. పూలమొక్కలకు వేసినట్టే దీనికీ సూపర్ ఫాస్ఫేట్ చల్లుతుంటారు. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. భాస్వరం కోసం ఆ ఎరువు అక్కర్లేదు, మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు చాలు.

మట్టి మిశ్రమం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఎర్రమట్టి సగం, మాగిన ఎరువు పావు, మిగతా పావు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ముతక ఇసుక. గుప్పెడు వేపపిండి. బీచ్ ఇసుక మాత్రం ఎంత కడిగినా వాడకూడదు.

తీరం దగ్గర ఉప్పుగాలి ఇంకో సంగతి. రుషికొండ, సాగర్ నగర్ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీల్లో ఫ్రూటికోసా ఆకులు గాలికి చీలికలు చీలికలవుతాయి. చచ్చిపోదు, కానీ అందం ఉండదు. ఆస్ట్రాలిస్ ఆకు నార గట్టిది కాబట్టి గాలికి ఆగుతుంది, ఉక్కకు ఆగదు. ఫ్రూటికోసా ఉక్కకు ఆగుతుంది, గాలికి చీలుతుంది. రెంటికీ ఆగి, చూడటానికి కత్తుల ఆకులతో తాటిలా కనిపించేది కావాలంటే వెతకాల్సింది న్యూజిలాండ్‌లో కాదు. ఉత్తరాంధ్ర తీరమంతా ఉన్న మొగలి ఉంది. ఉప్పు, ఇసుక, తుఫాను అన్నీ దానికి అలవాటే, ఊతవేళ్లతో నేలను పట్టుకుంటుంది. ముళ్లున్నాయని ఇళ్లల్లో పెంచరు, అది న్యాయమైన అభ్యంతరమే. కానీ రిసార్టుల ముందు, బీచ్ పార్కుల్లో మొగలిని వదిలి విదేశీ మొక్కల కోసం డబ్బు పోయడంలో అర్థం లేదు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కుండీలను గోడ వారకు చేర్చి పడుకోబెట్టడం మంచిది. గాలి తగ్గాక ఆకుల మీద మంచినీళ్లు చల్లి ఉప్పు కడిగేయాలి, ఆ పని మర్నాడే చేయాలి. మాను విరిగితే బాధపడక్కర్లేదు. విరిగిన చోటికి కింద గట్టి భాగం దగ్గర ఏటవాలుగా కోసి వదిలేస్తే చిగుళ్లు వస్తాయి. విరిగిన ముక్కను జానెడు ముక్కలుగా కోసి, ఇసుక కలిపిన కోకోపీట్‌లో అడ్డంగా పడుకోబెట్టి సగం కప్పితే, నెలా రెండు నెలల్లో ఒక్కో ముక్కకు ఒకటో రెండో మొలకలు వస్తాయి. మామూలుగా అయితే ఈ పనికి జూన్, జులై అనువైన కాలం.

కొండ మీద ఆస్ట్రాలిస్

సముద్రమట్టం నుంచి ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత అర డిగ్రీకి పైగా తగ్గుతుంది. అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు, లంబసింగి సుమారు 1000 మీటర్లు. అంటే తీరంతో పోలిస్తే అయిదారు డిగ్రీలు తేడా. పైగా సముద్రానికి దూరం కాబట్టి రాత్రి బాగా చల్లబడుతుంది. లంబసింగిలో కొన్ని శీతాకాలాల్లో కనిష్ఠం సున్నాకు దగ్గరగా దిగుతుంది, గడ్డి మీద తెల్లమంచు పేరుకుంటుంది. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, విశాఖ వాళ్లకు చలి తోట అంటే ఇప్పటికీ అవే. అక్కడ రిసార్టులు, హోమ్‌స్టేలు పెరుగుతున్నాయి, వాటి ముందు తాటి పోలిక మొక్కలు నాటాలన్న ఉత్సాహమూ పెరుగుతోంది.

లంబసింగి చలి ఆస్ట్రాలిస్‌కు ఒక లెక్క కాదు. అరకులో దీనికి పరీక్ష పెట్టేవి రెండు. ఒకటి ఏప్రిల్, మే పగటి ఎండ, రెండోది జూన్ నుంచి అక్టోబరు దాకా ఆగని వాన. ఎండ సంగతి రాత్రి చల్లదనం సర్దుతుంది, మొక్క చిన్నగా ఉన్నప్పుడు మధ్యాహ్నం నీడ ఉంటే చాలు. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ పెంచే అలవాటున్న చోట నీడ గురించి ఎవరికీ నేర్పక్కర్లేదు. వాన సంగతే గట్టిగా పట్టించుకోవాలి.

నీళ్లు నిలిచే లోయ అడుగున, వరిమళ్ల పక్కన నాటకూడదు. వాలు నేల మీద, వాలుకు నడిమి భాగంలో నాటితే వాననీరు జారిపోతుంది. దాంతో పాటు జనవరిలో చల్లగాలి కూడా బరువుగా కిందికి జారి లోయ అడుగున పేరుకుంటుంది కాబట్టి వాలు మీది మొక్కకు తెల్లమంచు దెబ్బ తక్కువ. చదును నేల తప్ప వేరే దారి లేకపోతే అడుగు ఎత్తున మట్టి దిబ్బ కట్టి దాని మీద నాటాలి. గుంటలో ఎరువు దట్టించి నాటడం మన అలవాటు, మామిడికి కొబ్బరికి అది సరే. ఇక్కడ ఆ గుంటే వానాకాలంలో నీళ్ల తొట్టి అవుతుంది. తవ్విన మట్టినే కొంచెం గ్రావెల్ కలిపి తిరిగి వేసి, ఎరువు పైన పరచడం మేలు.

ఎప్పుడు నాటాలన్న దానిలో మామూలు పద్ధతికి కాస్త ఎదురు వెళ్లాలి. మన్యంలో మొక్కలు జూన్, జులైలో నాటుతారు. ఆస్ట్రాలిస్‌ను మాత్రం భారీ వానలు వెళ్లిపోయాక, అక్టోబరు చివర నాటడమే మంచిది. నేలలో తడి ఉంటుంది, చలి మొదలవుతుంది, వేళ్లు పట్టుకోవడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. మొదటి చలికాలం మటుకు లేత మొక్క ఆకులను పైకి కట్టి, మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పాలి. మంచు బాగా పడే రాత్రుల్లో పైన గోనెపట్టా వేసి పొద్దున్నే తీసేయాలి. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు నీళ్లు. తర్వాత తర్వాత దాని మానాన దాన్ని వదిలేయవచ్చు.

మాను చుట్టూ వేలాడే ఎండుటాకులను ఉంచాలా తీసేయాలా అన్నది ఇంకో చర్చ. చలిదేశాల్లో మానుకు దుప్పటిలా ఉంటాయని కొందరు ఉంచేస్తారు. అరకులో తీసేయడమే నయం. ఎండిన ఆకు చాలా త్వరగా అంటుకుంటుంది, పోడు మంటలు, చలిమంటలు, క్యాంప్‌ఫైర్లు ఉన్న చోట మానుకు చుట్టూ చిదుగులు కట్టి ఉంచడం తెలివైన పని కాదు. కిందికి లాగితే వచ్చేవి మాత్రమే తీయాలి, పచ్చిగా ఉన్నవాటిని కత్తిరిస్తే మాను గాయపడుతుంది.

న్యూజిలాండ్‌లోనే కార్డిలైన్ ఇండివిసా అనే కొండజాతి ఉంది. వెడల్పాటి ఆకులతో ఆస్ట్రాలిస్ కంటే ఎంతో అందమైన చెట్టు. అరకుకు అదే తెద్దామన్న ఆలోచన కూడా కొందరికి రావచ్చు. అది వేడిని అసలే సహించదు, చల్లని తేమ అడవుల్లోనే పెరుగుతుంది. మన కొండలకు కూడా అది అందని మొక్కే.

తెగుళ్లు, కొనుగోలు

పిండినల్లి, ఎర్రనల్లి, పొలుసు పురుగు, ఈ మూడూ తీరంలోనూ కొండ మీదా వస్తాయి. పిండినల్లి ఆకు మొదళ్ల మడతల్లో దాక్కుంటుంది కాబట్టి పైపైన మందు కొడితే పోదు. దూదిని సబ్బునీళ్లలో ముంచి మడతల్లో తుడిచి, ఆ తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఎర్రనల్లి ఎండాకాలంలో, ముఖ్యంగా ఏసీ గదుల్లో పెట్టిన మొక్కలకు ఎక్కువ. ఆకు అడుగున నీళ్లు జల్లుతూ ఉంటే చాలావరకు అదుపులో ఉంటుంది. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఆకులు నమలకుండా చూసుకోవాలి, ఈ ఆకుల్లోని సాపోనిన్ల వల్ల వాటికి వాంతులవుతాయి.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు న్యూజిలాండ్‌లో వచ్చింది. 1987 ప్రాంతం నుంచి అక్కడ పచ్చగా ఉన్న చెట్లు వరసగా ఆకులు పసుపెక్కి, కొద్ది నెలల్లోనే పూర్తిగా చచ్చిపోవడం మొదలైంది. కారణం ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా జాతి సూక్ష్మజీవి అని తర్వాత తేలింది. రసం పీల్చే ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. ఉత్తరాంధ్ర రైతుకు ఈ వ్యవహారం కొత్త కాదు. నువ్వు చేలో పూత అంతా ఆకులుగా మారిపోయే వెర్రితెగులు కూడా ఫైటోప్లాస్మా పనే, దాన్ని మోసేవి దీపపు పురుగులు. ఒకసారి మొక్కలోకి ప్రవేశించాక నయం చేసే మందు రెండు చోట్లా లేదు, పీకి కాల్చేయడమే.

అందుకే విదేశాల నుంచి వస్తూ సూట్‌కేసులో పిలకో, మాను ముక్కో పెట్టుకు రావడం మంచిది కాదు. మన దేశపు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం మొక్కలకైనా విత్తనాలకైనా ముందుగా దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. కుదుళ్లు, మట్టి అంటిన పిలకలు మరీ ప్రమాదం. ఆస్ట్రాలిస్ కావాలనుకున్న వాళ్లు చలి ప్రాంతాలకు మొక్కలు సరఫరా చేసే దేశీయ నర్సరీలనే అడగాలి. విత్తనం దొరికితే గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, 20 డిగ్రీల పైన ఉండే చోట నారుపోస్తే నెల నుంచి మూడు నెలల్లో మొలుస్తుంది. ఓపిక ఉండాలి, కొన్ని విత్తనాలు ఆలస్యంగానే లేస్తాయి.

కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకూడదు. ఆరడుగుల మొక్క కంటే రెండడుగుల మొక్కే నేలలో త్వరగా నిలదొక్కుకుంటుంది, ధరలోనూ చాలా తేడా ఉంటుంది. మాను మొదలు వేలితో నొక్కి చూడాలి, మెత్తగా ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. కుండీ అడుగు నుంచి వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికొచ్చి ఉంటే అది చాలాకాలంగా అదే కుండీలో మగ్గుతోందని అర్థం. మధ్య మొవ్వు ఆకులు నిటారుగా, మచ్చ లేకుండా ఉండాలి. వాటిని మెల్లగా పట్టి లాగితే ఊడి రాకూడదు. ఊదా రంగు రకాలు కుండీలో కంటికి ఇంపుగా ఉంటాయి గానీ, కొండ మీద నేలలో నాటడానికి మామూలు ఆకుపచ్చదే గట్టిది.